రెండు చందువలు, రెండు వంశాలు: ముళ్లరెక్కల చేపల చుట్టరికం ఎలా తేలింది

శ్రీకాకుళం చేపల బజారులో తెల్ల చందువ, నల్ల చందువ పక్కపక్కనే ఉంటాయి. రెండూ వెడల్పుగా, పలచగా ఉంటాయి. రెండింటికీ తల చిన్నది, తోక చీలి ఉంటుంది, ఎదిగిన చేపకు పొట్ట కింద రెక్కల జత కనిపించదు. ధరలో తేడా ఉంటుంది కానీ, ఒక ఇంటి పిల్లలేనని ఎవరైనా అనుకుంటారు. చేపలమ్మే ఒకావిడతో "ఇవి రెండూ చుట్టాలు కావటమ్మా" అంటే ఆవిడ నవ్వేసింది. "అదేటి బాబూ! సందువంటే సందువే. తోలు నలుపైతే జాతి మారిపోద్దేటి?"

ఆవిడ తప్పేం లేదు. రెండున్నర శతాబ్దాలుగా చేపల శాస్త్రవేత్తలు కూడా తోలూ, రెక్కా, ముల్లూ చూసే చుట్టరికం కలిపారు. ఇప్పుడు డీఎన్ఏ చదివాక తేలింది వేరు. తెల్ల చందువకు దగ్గరి చుట్టాలు వంజరం, కానాగంత, సావళ్లు. నల్ల చందువ పారల ఇంటిది. ఆ ఇంటి బంధువర్గంలో పండుగొప్ప ఉంది, మాగ ఉంది, కొమ్ము కోనాం ఉంది, ఇసుకలో ఒక పక్కకు ఒరిగి పడుకునే నాలుక చేప కూడా ఉంది. ఈ చేపలన్నీ ముళ్లరెక్కల చేపలనే పెద్ద సమూహంలోవే. బతికున్న వెన్నెముక జీవుల్లో, అంటే మనుషులూ పక్షులూ పాములూ కప్పలూ అన్నీ కలుపుకొని, దాదాపు మూడో వంతు జాతులు ఈ ఒక్క సమూహంవే. 18,000కు పైమాటే. వీటిని సరిగ్గా సర్దడం ఎందుకంత కష్టమైందో తెలియాలంటే ముందు ముల్లు సంగతి తేల్చుకోవాలి.

మనం భోజనం దగ్గర "ఈ చేపకి ముళ్లెక్కువ" అంటే కండలో గుచ్చుకునే సన్నని ఎముకల గురించి అంటాం. వర్గీకరణలో ముల్లంటే అది కాదు, రెక్కలో ఉండే ముల్లు. నిజానికి ఈ రెండూ చాలావరకు ఒకే చేపలో కలిసి ఉండవు. పొలస, శీలావతి, బొచ్చె, కవళ్లు తినేటప్పుడు చీలిన సన్నని ఎముకలతో ప్రాణం తీస్తాయి. అవన్నీ మెత్తరెక్కల చేపలు. చందువ, వంజరం, పండుగొప్ప పిల్లలకు కూడా ధైర్యంగా పెట్టొచ్చు; అవి ముళ్లరెక్కల చేపలు. కండలో చీలిన ఎముకలు ఈ సమూహంలో పోయాయి, రెక్కల్లో ముళ్లు వచ్చాయి.

రెక్క ముల్లు ఎలా ఉంటుందో పండుగొప్ప మీద చూస్తే బాగా తెలుస్తుంది. వీపు మీద ముందు రెక్క ఎత్తి పట్టుకోండి. ఒక్కో పుల్లా మొనదేలి, అతుకు లేకుండా, ఒకే ముక్కగా ఉంటుంది. అది అసలు ముల్లు. దాని వెనక మెత్తని రెక్కలోంచి ఒక పుల్ల పీకి వెలుతురుకి ఎత్తి చూస్తే అడ్డంగా గీతలు కనిపిస్తాయి, అవి అతుకులు. కొస దగ్గర కొమ్మలుగా చీలి ఉంటుంది. గుండుసూది మొనతో జాగ్రత్తగా విడదీస్తే ఆ పుల్ల నిలువునా ఎడమ సగం, కుడి సగంగా విడిపోతుంది. మెత్తని పుల్ల రెండు సగాల జంట, ముల్లు ఒంటిది. తేడా అంతే. కానీ ఈ తేడా తెలియకపోతే జెల్ల దగ్గర మోసపోతాం. జెల్ల ముల్లు గుచ్చుకుని చెయ్యి వాచినవాళ్లు మన తీరంలో ప్రతి ఊళ్లోనూ ఉంటారు. అయినా జెల్ల ముళ్లరెక్కల చేప కాదు. దాని ముల్లు మెత్తని పుల్ల గట్టిపడి తయారైంది, పుట్టుక వేరు. అదే నాలుక చేపను చూడండి, రెక్కల్లో ఒక్క ముల్లూ లేదు. కొర్రమీనుకీ లేదు. ఆ రెండూ ముళ్లరెక్కల సమూహంలోవే. పూర్వీకులకు ఉండేవి, వీటికి పోయాయి.

ముల్లుని బట్టి చేపల్ని విడదీయాలని గట్టిగా చెప్పినవాడు పీటర్ ఆర్టెడీ అనే స్వీడన్ కుర్రవాడు. మెత్తరెక్కలవీ ముళ్లరెక్కలవీ అని రెండు పెద్ద క్రమాలు రాసుకున్నాడు. 1735లో ఆమ్‌స్టర్‌డాంలో ఒక రాత్రి కాలవలో పడి చనిపోయాడు. అప్పటికి ముప్పై ఏళ్లు. అతని స్నేహితుడు లిన్నేయస్ ఆ రాతప్రతులు సంపాదించి 1738లో అచ్చు వేయించాడు. ఆ తర్వాత తన సొంత పద్ధతిలో, 1758 నాటి పదో కూర్పులో, లిన్నేయస్ ముల్లుని పక్కన పెట్టి పొట్టరెక్కల జత ఎక్కడుందో చూశాడు. గొంతు కింద ఉంటే ఒక క్రమం, రొమ్ము కింద ఉంటే ఒకటి, పొట్ట కింద ఉంటే ఒకటి, అసలు లేకపోతే మరొకటి. ఫలితం ఏమైందంటే, చందువ లాంటి చేపలూ సావళ్లూ కత్తిచేపలూ వెళ్లి పాము చేపల పక్కన కూర్చున్నాయి. రెక్కల జత లేదన్న ఒక్క కారణం చాలింది. లేకపోవడం అనేది చుట్టరికానికి చాలా బలహీనమైన సాక్ష్యం. ఎవరికైనా, ఎన్నిసార్లయినా, ఏ కారణంతోనైనా అవయవం పోవచ్చు.

ఇక్కడ మన తీరం కథలోకి వస్తుంది. ప్యాట్రిక్ రస్సెల్ పేరు రక్తపింజరి వల్ల చాలామందికి తెలుసు, ఆ పాముకి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. ఈస్టిండియా కంపెనీ కాలంలో ఆయన విశాఖపట్నంలో ఉండి పాములతో పాటు చేపలూ సేకరించాడు. ఇక్కడి చేపలు రెండు వందలకి బొమ్మలు వేయించి, వివరాలు రాసి, 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వేశాడు. బొమ్మలకు ఇక్కడివాళ్లు పిలిచే పేర్లే పెట్టాడు. వాటిలో కనగుర్త ఉంది, తెల్ల సందవ, నల్ల సందవ ఉన్నాయి, రకరకాల పారలున్నాయి. భారతదేశం గడప తొక్కని ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ కువియే ఆ పుస్తకం ముందు పెట్టుకుని కొన్ని జాతులకు ఆ పేర్లనే లాటిన్‌లో స్థిరపరిచాడు. అందుకే కానాగంత శాస్త్రీయ నామం ఈరోజుకీ రాస్ట్రెల్లిజర్ కనగుర్త. జపాన్‌లో రాసినా, కెన్యాలో రాసినా అదే పేరు. ఒక రకం బారకూడాకి స్ఫైరీనా జెల్లో అన్న పేరూ రస్సెల్ బొమ్మ మీద నుంచే వచ్చింది.

కువియే చేసిన రెండో పని ఆర్టెడీ ముల్లుని మళ్లీ తెరమీదికి తేవడం. వాలెన్సియెన్‌తో కలిసి 1828లో మొదలుపెట్టిన చేపల చరిత్ర 1849 నాటికి 22 సంపుటాలైంది. కువియే మధ్యలోనే, 1832లో చనిపోయాడు. ముళ్లరెక్కలవి అనే విభాగం అప్పటి నుంచి నిలబడింది. ముల్లుకి తోడుగా మరికొన్ని గుర్తులు తర్వాతివాళ్లు జోడించారు. వాటిలో నాకు అన్నిటికన్నా నచ్చేది నోరు. కారల్లో ఒక పచ్చి చేప తీసుకుని పైపెదవి మెల్లగా ముందుకి లాగితే నోరు గొట్టంలా సాగి బయటికి వస్తుంది, వదిలితే మళ్లీ లోపలికి పోతుంది. పైదవడ ముందు ఎముకకు ముక్కు వైపు పొడుగాటి కొమ్మ ఒకటి ఉండి జారుతుంది. నీళ్లతో పాటు ఆహారాన్ని లాగేసుకునే ఈ ఏర్పాటు ఈ సమూహానికి బాగా కలిసొచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో పని ముల్లు దగ్గర ఆగిపోకుండా ఎముకలు, కండరాలు, దవడల దాకా వెళ్లింది. 1966లో గ్రీన్‌వుడ్, రోజెన్, వైట్జ్‌మన్, మైయర్స్ అనే నలుగురు ఎముకల చేపలన్నిటినీ కొత్తగా సర్దిన వ్యాసం ఒక మలుపు. 1993లో జాన్సన్, ప్యాటర్సన్ ముళ్లరెక్కల చేపల లోపలి చుట్టరికాన్ని మళ్లీ తరచి చూశారు. ఇంత పనిచేసినా మధ్యలో ఒక పెద్ద గొయ్యి ఉండిపోయింది. దాని పేరు పెర్సిఫార్మిస్ క్రమం. ఎటూ ఇమడని ప్రతి చేపనీ అందులో వేశారు. 2006 నాటి ప్రామాణిక గ్రంథంలో ఆ ఒక్క క్రమంలో 160 కుటుంబాలు, 10,000కు పైగా జాతులు. పండుగొప్ప, పార, వంజరం, చందువ, తిలాపియా, గులివింద, కొర్రమీను కాస్త అటూఇటూగా అన్నీ అక్కడే. ఒక క్రమం అంటే ఒకే పూర్వీకుడి సంతానం అని అర్థం. ఇక్కడ అది ఇంకా జవాబు దొరకని చేపల జాబితా. 1989లోనే గారెత్ నెల్సన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ఒప్పుకున్నాడు: చేపల వంశవృక్షం మొదట్లో చిక్కు విడిపోయింది కానీ, పైన పొద అలాగే ఉందని.

పొద ఎందుకైంది? రెండు కారణాలు. మొదటిది, బతుకు ఒకటైతే ఒళ్లు ఒకటవుతుంది. సముద్రం మధ్యలో వేగంగా ఈదాలంటే ఒంటికి మార్గాలు కొన్నే. వేగం కోసం కోసుగా మారిన రెండు చేపలు ఒకేలా కనిపిస్తే అది అన్నదమ్ముల పోలికా, లేక ఒకే ఉద్యోగం చేసేవాళ్ల యూనిఫారమా అన్నది ఎముక చెప్పలేదు. రెండోది, కొమ్మలు చాలా తక్కువ కాలంలో చీలాయి. చీలిక చీలికకీ మధ్య గుర్తు మిగిలేంత వ్యవధి లేదు. 2018లో ఆల్ఫారో బృందం చేసిన విశ్లేషణ ప్రకారం ఈ సమూహంలో పెద్ద వంశాలు చాలా 6.6 కోట్ల ఏళ్ల క్రితం, డైనోసార్లు పోయిన సమయానికి అటూఇటూగా విరివిగా చీలాయి. సముద్రంలో ఖాళీ అయిన చోట్లలోకి ఇవి వెళ్లాయి.

డీఎన్ఏ ఇక్కడ ఎందుకు పనికొచ్చిందంటే, అది ఈత వేగాన్ని పట్టించుకోదు. దాదాపు అన్ని చేపల్లోనూ మారకుండా ఉండే ముక్కలు కొన్ని ఉంటాయి. వాటిని పట్టుకుని, వాటి పక్కన ఉన్న మారే భాగాల్లో అక్షరాలు ఎక్కడెక్కడ తేడా వచ్చాయో వందలాది చోట్ల పోలుస్తారు. ఒకే పూర్వీకుడి దగ్గర వచ్చిన మార్పు ఆ సంతానంలో మాత్రమే కలిసి కనిపిస్తుంది. ఒక చోట పొరపాటు పడొచ్చు, వందల చోట్ల ఒకే మాట చెబితే నమ్మాల్సి వస్తుంది. జపాన్‌లో మసాకీ మియా బృందం 2003లో మైటోకాండ్రియా డీఎన్ఏతో ఈ దారి వేసింది. 2013లో నియర్ బృందం, బెటాంకర్ బృందం విడివిడిగా పెద్ద వృక్షాలు ప్రచురించాయి. అప్పుడు పెర్సిఫార్మిస్ అనే ఆ పెద్ద గంప నిజంగా బద్దలైంది.

చందువల సంగతి అప్పుడు తేలింది. మియా బృందమే 2013లో చూపించిన ప్రకారం ట్యూనా, కానాగంత, వంజరాల కుటుంబం మరో 14 కుటుంబాలతో ఒకే పూర్వీకుడి నుంచి వచ్చింది. తెల్ల చందువ కుటుంబమూ, రిబ్బన్‌లా పొడుగ్గా వెండిరంగులో మెరిసే సావళ్ల కుటుంబమూ అందులోవే. ఆకారంలో ఈ మూడింటికీ ఎక్కడా పొత్తు కుదరదు. వీటన్నిటికీ కలిపి ఇప్పుడు పెలాజియారియా అంటున్నారు. అందరూ నడిసంద్రంలో బతికే బాపతు అన్నమాట.

నల్ల చందువ వేరని మాత్రం డీఎన్ఏ రాకముందే కొందరు పట్టుకున్నారు. 1795లో బ్లాఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని తెల్ల చందువ పక్కన, అదే ప్రజాతిలో పెట్టాడు. తర్వాతివాళ్లు దానికొక సొంత కుటుంబం కల్పించి, చివరికి పారల కుటుంబంలో చేర్చారు. ఈ తేడా ఎవరైనా బజారులోనే చూసుకోవచ్చు. నల్ల చందువ తోక మొదట్లో, పక్కన, వేలు తోక వైపు నుంచి తల వైపుకి రాయండి. చిన్నచిన్న గట్టి పలకలు వరుసగా గరుకుగా తగులుతాయి. పార తోక దగ్గర అవే ఇంకా మొరటుగా, చెయ్యి గీసుకునేలా ఉంటాయి. తెల్ల చందువకు ఆ చోటు నున్నగా ఉంటుంది. ఇక తెల్ల చందువ రహస్యం గొంతులో ఉంది. శుభ్రం చేసేటప్పుడు చివరి మొప్ప వెనక చూస్తే అన్నవాహిక మొదట్లో దళసరి గోడల సంచి కనిపిస్తుంది, దాని లోపలి గోడలకు పళ్లున్నాయి. మెత్తని జెల్లీ చేపల్లాంటి తిండి అక్కడ నలుగుతుంది. ఈ పళ్ల సంచి దాని వంశానికి ముద్ర. నల్ల చందువకు అది లేదు. ముళ్లున్నాయా అని వెతికితే తెల్ల చందువ వీపు రెక్క ముందు పొట్టి బ్లేడు ముక్కల్లాంటివి చర్మంలో సగం మునిగి కనిపిస్తాయి. ముళ్లరెక్కల ఆనవాలు దానికి అంతే మిగిలింది.

కోనాం కథ ఇంకా విచిత్రం. మన తీరంలో వంజరం బాపతు చేపల్ని కోనాం అనీ, ముక్కు బల్లెంలా పొడుచుకొచ్చిన మార్లిన్, సెయిల్‌ఫిష్‌లను కొమ్ము కోనాం అనీ అంటారు. గాలానికి పడ్డ కొమ్ము కోనాం ఎదురు తిరిగి పొడిస్తే మనిషి ప్రాణానికే ముప్పు, అందుకే దాని పేరు అందరికీ తెలుసు. శాస్త్రం కూడా చాలాకాలం ఈ రెండింటినీ ఒక గుంపులోనే పెట్టింది. వేగం ఒకటే, ఆకారం ఒకటే. పైగా వంజరం కుటుంబంలోని ట్యూనాలకూ, కొమ్ము కోనాంలకూ ఒంట్లో వేడి నిలుపుకునే శక్తి ఉంది. చేపల్లో అది అరుదు కాబట్టి గట్టి సాక్ష్యం అనుకున్నారు. కానీ వేడి వచ్చే తీరు వేరు. ట్యూనాలు ఈతకండరాల వేడిని రక్తనాళాల అల్లికతో పట్టి ఉంచుకుంటాయి. కొమ్ము కోనాంలో కంటి కండరం ఒకటి మారి హీటరులా పనిచేసి కంటినీ మెదడునీ వెచ్చగా ఉంచుతుంది. 2010లో లిటిల్, లోహీడ్, మోయెస్ చేసిన డీఎన్ఏ పని కొమ్ము కోనాం చుట్టరికాన్ని నాలుక చేపల వైపు చూపించింది. సముద్రంలో మహా వేగంగా పరిగెత్తేదీ, కదలకుండా ఇసుక కప్పుకుని పడుకునేదీ ఒకే శాఖవి! పార, పండుగొప్ప, మాగ, బారకూడా, పెద్ద చేపలకు అంటుకుని తిరిగే రెమోరా కూడా ఆ శాఖలోవే. ఈ శాఖకు కరాంజిఫార్మిస్ అని పేరు. కొందరు కరాంజారియా అంటారు. ఆకారం చూసి ఈ జాబితాను ఎవరూ ఊహించి ఉండరు.

నాలుక చేప కన్ను సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పుట్టినప్పుడు దానికి అన్ని చేపల్లాగే చెరో పక్క ఒక కన్ను. పెరిగేకొద్దీ ఒక కన్ను తల మీదుగా నడిచి రెండో పక్కకు చేరుతుంది. సగం దారిలో ఉన్న కన్ను వల్ల ఏ లాభం అని డార్విన్‌ని ఆయన విమర్శకుడు మైవార్ట్ నిలదీశాడు. 2008లో మ్యాట్ ఫ్రీడ్‌మన్ సుమారు అయిదు కోట్ల ఏళ్ల నాటి ఇటలీ శిలాజాల్లో సరిగ్గా అలాంటివే చూపించాడు: ఎదిగిన చేపే, కన్ను సగం దూరమే జరిగి ఉంది. బతికున్నవాటిలో సెట్టోడిస్ అనే చేపకు ఇప్పటికీ కన్ను తల అంచు మీదే ఆగుతుంది, వీపు రెక్క ముందు భాగంలో ముళ్లు కూడా ఉన్నాయి. అది మిగతా నాలుక చేపలతో ఒకే పుట్టుకా, లేక విడిగా పక్కకు ఒరిగిందా అన్న మీద డీఎన్ఏ బృందాల మధ్యే వాదన నడిచింది. డేటా ఎక్కువైతే వాదన ఆగిపోతుందనుకోవడం అమాయకత్వం. చీలికలు వేగంగా జరిగిన చోట ఒక్కో జన్యువు ఒక్కో వంశవృక్షం చెబుతుంది.

మంచినీళ్ల వైపు కూడా ఇలాంటివే ఉన్నాయి. కొర్రమీను, బొమ్మిడాయి ఒక శాఖకు చెందినవి. నాగావళిలో, వంశధారలో దొరికే బొమ్మిడాయి పాములా ఉన్నా, వీపు మీద విడివిడి ముళ్ల వరుస దాని వంశాన్ని చెబుతుంది. తిలాపియా, బొంత, ఎగిరే చేప మరో శాఖ. ఎర్రగా మీసాలతో ఉండే గులివిందకు సముద్రపు గుర్రం చుట్టం; ఆ శాఖలో ఇంకా వింతలున్నాయి కానీ వదిలేస్తున్నాను.

ఇదంతా పుస్తకాల గొడవే, మనకెందుకు అంటే, కొంతవరకు నిజమే. కూరలో చందువ చందువే. కానీ సముద్రంలో ఎంత చేప మిగిలిందో లెక్క వేసేవాళ్లు రెండు చందువల్నీ పాంఫ్రెట్లు అనే ఒకే శీర్షిక కింద కూడేస్తే లెక్క దేనికీ చెందదు. తిండి వేరు, గుడ్లు పెట్టే తీరు వేరు. పెంపకంలోనూ అంతే. విశాఖపట్నంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఇండియన్ పాంపనోను బంధించి గుడ్లు పెట్టించి పిల్లల్ని తీసింది. చూడ్డానికి అది చందువకు తమ్ముడిలా ఉంటుంది, నిజానికి పారల కుటుంబానిది. దాని శాస్త్రీయ నామం ట్రాకినోటస్ మూకలీ కూడా రస్సెల్ విశాఖలో రాసుకున్న 'మూకలీ పార' నుంచి వచ్చిందే. ఇక్కడ మాత్రం జాలర్లు రెండు వందల ఏళ్ల ముందే సరిగ్గా చెప్పారు. దాన్ని చందువ అనలేదు, పార అన్నారు.

పేర్ల గొడవ ఇంకా నడుస్తోంది. 2024లో నియర్, థాకర్ రెక్కపుల్లల చేపలన్నిటికీ, అంటే మెత్తరెక్కలవీ ముళ్లరెక్కలవీ కలిపి, మరో వర్గీకరణ ప్రచురించారు. కొమ్మలు చాలావరకు ఒకటే, వాటికి తగిలించిన పేర్లు, హోదాలు మారాయి. అన్నిటికన్నా తేలని భాగం యూపర్కేరియా అనే శాఖ. గంప బద్దలయ్యాక మిగిలిన ముక్కలు ఎక్కువగా అందులోకే చేరాయి. నీళ్లలోంచి తీస్తే గుర్రుగుర్రుమనే క్రోకర్ చేపలు అక్కడివే. వాటిలోదే మన తీరంలో వలకు పడితే వార్తల్లోకెక్కే, పొట్టలోని గాలితిత్తి కోసం వేలకు వేలు పలికే కచిడి. 1802లో లాసెపేద్ దానికి పెట్టిన పేరు డయాకాంథస్, రెండు ముళ్లది అని. 2017 నాటి బెటాంకర్ వర్గీకరణలో ఈ కుటుంబానికి ఏ క్రమమూ ఇవ్వకుండా 'స్థానం అనిశ్చితం' అని రాసి వదిలేశారు. 2024 వర్గీకరణ దాన్ని సర్జన్ ఫిష్‌లు, ఒళ్లు ఉబ్బించుకునే పఫర్ చేపలు ఉన్న ఒక పెద్ద క్రమంలో చేర్చింది.